పాత చిన్నకారు: నిత్యపోషణ, అత్యవసర మరమ్మతు

బండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన పెట్టుట, కడచీలలు చూచుట, పలుపులు సరిచేయుట మన రైతులకు తరతరములుగా వచ్చిన అలవాటు. ఆ పని మరచిన వానిని ఇంటి పెద్దలు మందలించెడివారు. నేడు అనేక గ్రామములలో బండి నిలిచిన చావడిలో చిన్నకారు నిలిచియున్నది. కాని బండికి చేసిన పరిచర్య కారునకు జరుగుట లేదు. తాళము త్రిప్పిన కదలును, కదలనినాడు మెకానిక్కు వచ్చును అను ధీమాయే దీనికి కారణము.

ఈ ధీమా ఎంత ప్రమాదకరమో తెలుపుటకు మేము ఎరిగిన యొక గ్రామమున జరిగిన సంగతి చెప్పెదము. వానాకాలమున రాత్రి పదకొండు గంటల వేళ ఒక గర్భిణికి నొప్పులు ప్రారంభమైనవి. 108 నంబరునకు ఫోను చేయగా అంబులెన్సు వెంటనే బయలుదేరినది. దూరము హెచ్చుగా నున్నందున, ఎదురేగి దారిలో కలిసికొన్నచో సగము కాలము కలిసివచ్చునని పెద్దలు తలచిరి. వార్డు సభ్యుని ఇంట పాత చిన్నకారు కలదు. తాళము త్రిప్పగా ‘టక్ టక్’ మను చప్పుడే గాని ఇంజను తిరుగలేదు. పదిమంది కూడి త్రోసిరి. బురదలో కారు సాగలేదు. చివరకు ట్రాక్టరు నడుపు యువకుడొకడు బానెట్టెత్తి, బ్యాటరీ కొనలపై పేరుకొన్న తెల్లని పొడిని చూచి, వేడినీరు తెప్పించి పోసి, గోనెపట్టతో రుద్ది, పానాతో బిగించెను. మరుక్షణమే ఇంజను పలికినది. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి. కాని ఇరువదియైదు నిమిషములు వ్యర్థమైనవి. ఆ పొడి ఆ రాత్రి పుట్టినది కాదు. నెలల తరబడి అచ్చటనే యున్నది. చూచినవారు లేరు.

గ్రామములోని పాత కారు ఒక కుటుంబపు ఆస్తియే అయినను, ఆపదవేళ అది ఊరి అక్కర తీర్చును. కనుక దాని పోషణ గూర్చి పంచాయతీ సభ్యులు కొంత తెలిసికొనుట అవసరము.

కారు స్వరూపము

మన పల్లెలలో కనిపించు పాత చిన్నకార్లలో మారుతి 800 పేరు మొదట చెప్పవలెను. 1983 డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ మొదటి కారు తాళములను కొనుగోలుదారునకు అందజేసిరి. 2014 జనవరిలో దాని తయారీ ముగిసినది. ఈ మధ్యకాలమున 25 లక్షలకు పైగా కార్లు తయారైనవి. దాని ఇంజను పరిమాణము 796 ఘన సెంటీమీటర్లు, సిలిండర్లు మూడు. తొలి కార్లలో పెట్రోలును గాలితో కలుపుటకు కార్బ్యురేటరు ఉండెడిది. తరువాతి కార్లలో ఎలక్ట్రానిక్ పరికరము అదుపున పెట్రోలును చిమ్ము పద్ధతి వచ్చినది. నిర్మాణము సరళమగుటచే చిన్న లోపములను సామాన్య పరికరములతోనే సరిచేసికొనవచ్చును. ఇచ్చట చెప్పు విషయములు ఆ వయస్సు గల ఇతర చిన్నకార్లకు గూడ చాలవరకు వర్తించును. కారుతో వచ్చిన పుస్తకమున్నచో దాని మాటయే ప్రమాణము.

ఉదయమున పది నిమిషములు

కారు తీయుటకు ముందు మొదట దాని క్రింది నేలను చూడవలెను. నల్లని లేక గోధుమరంగు జిడ్డు మరక ఇంజను నూనె కారుచున్నదనుటకు గుర్తు. పచ్చని లేక ఎఱ్ఱని నీటి మరక రేడియేటరు ద్రవమునకు గుర్తు. చక్రము లోపలివైపున తడి కనిపించినచో అది బ్రేకు నూనె కావచ్చును. అట్టి కారును కదపరాదు. పెట్రోలు వాసన వచ్చినచో గొట్టము చిట్లినదని తలచి, నిప్పును దూరముగా నుంచి, బాగుచేయువరకు ఇంజను త్రిప్పరాదు.

రెండవది ఇంజను నూనె. సమతల ప్రదేశమున, ఇంజను ఆపిన కొంతసేపటికి, కొలకడ్డీని తీసి గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దించి తీయవలెను. నూనె రెండు గుర్తుల నడుమ నుండవలెను. ఈ చిన్న ఇంజనులో సుమారు మూడు లీటర్ల నూనెయే పట్టును. కనుక ఒక లీటరు తగ్గినదన్న మూడవ వంతు పోయినదని అర్థము. నూనె పాలు కలిపినట్లు తెల్లబడినచో నీరు లోపల ప్రవేశించి యుండవచ్చును. వెంటనే మెకానిక్కునకు చూపవలెను. పాత ఇంజనులో 5,000 కిలోమీటర్లకు గాని, ఏడాదికి గాని, ఏది ముందైన అప్పుడు నూనెను, వడపోత డబ్బాను మార్చుట మంచిది. తక్కువగా తిరుగు కారునకు నూనె మార్పు అక్కరలేదనుట పొరపాటు. నిలిచియున్నను నూనె చెడును.

మూడవది నీరు. ఇంజను చల్లగా నున్నప్పుడే రేడియేటరు మూత తీయవలెను. మన ప్రాంతములలో పెక్కు బోర్ల నీరు ఉప్పదనము, సున్నపు పాలు ఎక్కువగా గలది. నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టుట స్త్రీలందరు ఎరిగినదే. ఆ పొరయే రేడియేటరు సన్నని గొట్టములలోను కట్టి నీటి ప్రవాహమును అడ్డగించును. తుప్పును నివారించు కూలెంటు ద్రవమును శుద్ధజలముతో తగుపాళ్ళలో కలిపి పోయుట శ్రేయస్కరము. దారిలో ఆపద వచ్చినప్పుడు ఏ మంచినీరైనను పోయవచ్చును గాని, తరువాత దానిని తీసివేసి కడుగవలెను.

నాల్గవది బ్రేకు. బ్రేకు నూనె పాత్రపై గుర్తులుండును. మట్టము నెమ్మదిగా తగ్గుట బ్రేకు పలకలు అరుగుటకు సూచన. ఒక్కసారిగా తగ్గుట కారుటకు సూచన. పెడలు మెత్తగా దిగబడుచున్నను, రెండు మూడు సారులు త్రొక్కిన గాని పట్టకున్నను ఆ కారులో ఎవరిని ఎక్కించుకొనరాదు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చు స్వభావము గలది. అందుచే రెండేండ్ల కొకసారి మార్చవలెను.

ఐదవది టైర్లు. గాలి ఒత్తిడిని టైర్లు చల్లగా నున్నప్పుడు కొలువవలెను. చాళ్ళ నడుమ అడ్డముగా చిన్న గట్లుండును. వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్లతో సమమైనచో మార్చవలసినదే. టైరు ప్రక్కగోడపై నాలుగంకెల సంఖ్య యొకటి ముద్రించియుండును. అది 2315 అయినచో 2015వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. చాళ్ళు లోతుగా నున్నను, ఏండ్లు గడచిన రబ్బరు బీటలువారి వేసవి ఎండలో ప్రేలవచ్చును. స్టెపినీలో గాలి యున్నదా యనునది నెలకొకసారి తప్పక చూడవలెను. అక్కర వచ్చిననాడు దానిలోనే గాలి లేకుండుట మనకు నిత్యానుభవము.

చివరగా దీపములు, హారను, వైపర్లు. ఒకరు లోపల కూర్చుండి బ్రేకు త్రొక్కగా మరొకరు వెనుక నిలిచి ఎఱ్ఱ దీపములు చూడవలెను.

బానెట్టు క్రింద మరి రెండు బెల్టులను గూర్చి చెప్పవలసియున్నది. ఆల్టర్నేటరును త్రిప్పు బెల్టు కంటికి కనిపించును. అది తెగినచో బ్యాటరీకి విద్యుత్తు అందదు. అనేక కార్లలో నీటి పంపును గూడ అదియే త్రిప్పును. ఇంజను ముందుభాగమున మూతలోపల పండ్లు గల టైమింగు బెల్టు వేరుగా నుండును. అది ముందుగా హెచ్చరింపకయే తెగును. పాత కారును కొన్నవారికి దానిని ఎప్పుడు మార్చిరో తెలియనిచో, మార్పించుటయే క్షేమము.

ఇంజను పలుకనప్పుడు

కారు కదలనప్పుడు మాటిమాటికి తాళము త్రిప్పి బ్యాటరీని నీరసింపజేయరాదు. చెవి యొగ్గి వినవలెను. చప్పుడును బట్టి లోపమెచ్చటనో చాలవరకు తెలియును.

చప్పుడే లేకున్నను, ‘టక్ టక్’ మనుచున్నను, దీపములు మినుకుమినుకు మన్నను లోపము బ్యాటరీలో గాని దాని తీగలలో గాని కలదు. కొనలపై పొడి యున్నచో మొదట నల్లరంగు నెగెటివు తీగను, పిమ్మట ఎఱ్ఱరంగు పాజిటివు తీగను విప్పి, వేడినీటితో కడిగి, తుడిచి, బిగించి, పైన కొంచెము వాసెలీను పూయవలెను. బిగించునప్పుడు పాజిటివు ముందు, నెగెటివు తరువాత. గ్రామమున విద్యుత్ పని చేయువాని వద్ద మీటరు ఉండనే యుండును. కొన్ని గంటలు విశ్రాంతిగా నున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12 చూపినచో శక్తి దాదాపు తీరినట్లే. ఇంజను నడుచునప్పుడు 14 వోల్టుల ప్రాంతమున చూపవలెను. అట్లు చూపనిచో బ్యాటరీ నింపబడుటలేదని గ్రహింపవలెను.

మరొక కారు లేక ట్రాక్టరు బ్యాటరీ నుండి శక్తి తీసికొనవచ్చును. అదియు 12 వోల్టులదేనని ముందు చూచుకొనవలెను. 24 వోల్టుల లారీ నుండి తీసికొనరాదు. ఎఱ్ఱ తీగ నొక కొనను నీరసించిన బ్యాటరీ పాజిటివునకు, రెండవ కొనను మంచి బ్యాటరీ పాజిటివునకు తగిలింపవలెను. నల్ల తీగ నొక కొనను మంచి బ్యాటరీ నెగెటివునకు, రెండవ కొనను కదలని కారు ఇంజనులోని రంగు లేని ఇనుప భాగమునకు, బ్యాటరీకి దూరముగా, తగిలింపవలెను. బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడును. చిన్న నిప్పురవ్వకే అది ప్రేలగలదు. బీడీ, చుట్ట, అగ్గిపుల్ల దాపులకు రానీయరాదు.

ఇంజను చురుకుగా తిరుగుచున్నను పలుకనిచో పెట్రోలో, నిప్పురవ్వయో అందుట లేదన్నమాట. ముందుగా పెట్రోలు ఉన్నదా చూడవలెను. ముల్లును నమ్మి మోసపోయినవారు కొల్లలు. వానలో తడిసిన కారైనచో స్పార్కు ప్లగ్గుల తీగలను పొడిగుడ్డతో తుడువవలెను. ప్లగ్గు తీసి చూడగా మసి పట్టియున్న శుభ్రపరచి, అరిగియున్న మార్చవలెను. పెట్రోలు వాసన గుప్పుమన్నచో ఇంజనులో పెట్రోలు ఎక్కువైనదని అర్థము. పది పదిహేను నిమిషములు ఆగి, యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కిపట్టి తాళము త్రిప్పవలెను. పెట్రోలును చిమ్ము పద్ధతి గల కార్లలో తాళమును ‘ఆన్’ దశకు త్రిప్పగానే వెనుకనుండి పంపు సన్నని రొద రెండు క్షణములు వినిపింపవలెను. వినిపింపనిచో ఫ్యూజును చూడవలెను.

పలికి వెంటనే ఆగిపోవు ఇంజనులో కార్బ్యురేటరున చెత్త చేరియుండవచ్చును. ఇచ్చట మరొక సంగతి గమనింపవలెను. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు లక్ష్యము నెరవేరినది. ఇథనాలు తేమను పీల్చును. పాత కార్ల రబ్బరు గొట్టములను, వాషర్లను మెత్తబరచును. కావున పాత గొట్టములను పరీక్షించి, పగుళ్ళు కనిపించినచో ఇథనాలునకు ఓర్చు గొట్టములు వేయించుకొనవలెను. వాడని కారులో పెట్రోలును నెలల తరబడి నిలువయుంచరాదు. వారమున కొకసారియైనను కారును కొంతదూరము నడుపుట బ్యాటరీకి, బ్రేకులకు, టైర్లకు మేలు.

దారిలో వేడెక్కినచో

వేడిముల్లు ఎఱ్ఱగీతను సమీపించినచో ‘ఊరు దగ్గరలోనే కదా’ యని సాగిపోరాదు. ఆ రెండు మైళ్ళ తొందరకు ఇంజను మొత్తము బలియగును. ప్రక్కన నిలిపి, ఇంజను ఆపి, బానెట్టెత్తి, కనీసము అరగంట ఆగవలెను. రేడియేటరు మూత ఒత్తిడిలో నీటిని బంధించియుండును. వేడిగా నున్నప్పుడు తీసినచో కాగినీరు, ఆవిరి ముఖముపైకి ఎగజిమ్మును. చల్లారిన తరువాత మూతపై మందపు గుడ్డ వేసి, కొంచెము త్రిప్పి, ఒత్తిడి పోనిచ్చి తీయవలెను. ఇంజను బాగుగా చల్లారక ముందే చన్నీరు పోసినచో కాగిన లోహము పగులవచ్చును. నీరు నిండుగా నున్నను వేడెక్కుచున్నచో విద్యుత్ పంకా తిరుగుచున్నదా, దాని ఫ్యూజు నిలిచియున్నదా యని చూడవలెను.

చేయరాని పనులు

కాలిపోయిన ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టరాదు. ఫ్యూజు తాను కాలి కారును కాపాడును. రాగితీగ తాను నిలిచి కారును కాల్చును.

కారును గడ్డివామి ప్రక్కన, ధాన్యపు బస్తాల నడుమ నిలుపరాదు. ఎలుకలు బానెట్టు క్రింద గూడు కట్టి తీగలు కొరుకును. కోతల కాలమున రోడ్డుపై పరచిన కంది, ఉలవ కట్టెలపై కారును నడుపరాదు. ఆ కట్టె క్రింద చుట్టుకొని కాగిన సైలెన్సరు గొట్టమునకు తగిలి అంటుకొనును. రోడ్లపై పంట నూర్చుటను మాన్పించుట పంచాయతీ సభ్యులు తలపెట్టదగిన పని.

పొంగిన వాగులో, మునిగిన చప్టాపై కారు దింపరాదు. మోకాలి లోతు ప్రవాహము చిన్నకారును ప్రక్కకు నెట్టివేయగలదు. నీటిలో ఇంజను ఆగినచో మరల తాళము త్రిప్పరాదు. సిలిండరులో చేరిన నీరు అణగదు గనుక లోపలి కడ్డీలు వంగిపోవును. మనుష్యులు ముందు గట్టెక్కవలెను. కారును తరువాత లాగించుకొనవచ్చును.

వంటగ్యాసు సిలిండరును కారునకు తగిలించి నడుపుట నేరము. అంతకు మించి ప్రాణాపాయము.

కాగితములు

సొంత వాడుక కారునకు రిజిస్ట్రేషను పదునైదు సంవత్సరములు చెల్లును. ఆ పిమ్మట రవాణా శాఖవారి పరీక్షలో నిలిచినచో ఐదేసి సంవత్సరములకు పొడిగింతురు. 1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి ఇతరులకు కలుగు నష్టమునకు బీమా తప్పనిసరి. కాలుష్య పరీక్షా పత్రము గూడ ఉండవలెను. సొంత కారును బాడుగకు త్రిప్పరాదు; ఆపదలో నున్నవారిని ఉచితముగా చేర్చుట వేరు, డబ్బు తీసికొని త్రిప్పుట వేరు. బీమా లేని కారులో రోగిని తీసికొనిపోవుచు ప్రమాదము జరిగినచో ఉపకారము చేయబోయిన కుటుంబమే అప్పుల పాలగును.

పంచాయతీ చేయదగినది

ఇందుకు గొప్ప నిధులు అక్కరలేదు. రాత్రివేళ సాయపడుటకు ఇష్టపడు వాహన యజమానుల పేర్లు, ఫోను నంబర్లు వారి అనుమతితో కార్యాలయపు పలకపై వ్రాయవచ్చును. ఆపద వచ్చినప్పుడు మొదట 108కు ఫోను చేయవలెననియు, పిమ్మటనే వీరిని పిలువవలెననియు అందే వ్రాయవలెను. బ్యాటరీ తీగల జత, గాలి పంపు, ఒత్తిడి కొలమానము, జాకీ, పానాల పెట్టె, చేతిదీపము కార్యాలయమున నుంచి, అందరికి తెలిసిన చోట తాళపుచెవి పెట్టవచ్చును. నెలకొకసారి పాఠశాల ఆవరణమున వాహనములను చేర్చి, ఊరి మెకానిక్కుచే యువకులకు పైన చెప్పిన పరీక్షలను చేసి చూపించవచ్చును. స్త్రీలను గూడ పిలువవలెను. మగవారు పొరుగూరు పోయిన రాత్రియే కారుతో పని పడవచ్చును.

మార్చిన పాత నూనెను కాలువలలో, దిబ్బలలో పారబోయుట వలన ఊరి నీరే చెడును. దానిని ఒక డబ్బాలో చేర్చి, శుద్ధిచేయువారికి అందునట్లు చూడవలెను. పాత బ్యాటరీలో సీసము, ఆమ్లము కలవు. దానిని క్రొత్త బ్యాటరీ కొనునప్పుడు దుకాణమునకే తిరిగి ఈయవలెను. పిల్లలు దానిని పగులగొట్టకుండ కాపాడవలెను.

పైన చెప్పిన ఊరిలో ఇప్పుడు ఆదివారము ఉదయమున ఆ కారు బానెట్టు తప్పక ఎత్తబడుచున్నది. వార్డు సభ్యుడు కొలకడ్డీ తీయును. ఆయన కుమార్తె బ్యాటరీ కొనలను చూచును. పని పది నిమిషములే. ఆనాటి రాత్రి వాకిట నిలిచి నొప్పులతో ఎదురుచూచిన తల్లికి ఇరువదియైదు నిమిషములు ఎంత దీర్ఘమైనవో తెలిసినవారు ఈ పదినిమిషములను భారమని తలపరు. ప్రతి గ్రామమున ఒక్క కారైనను అట్లు సిద్ధముగా నుండునట్లు చూడవలసినదని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.